అరచేతిలో బెల్లం వాసన

గ్రేడర్ గారు పోయారన్న కబురు నాకు పాలాయన చెప్పాడు. మా రెండిళ్ళకీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. ఇరవై ఏళ్ళుగా ఆ గోడ మీదుగా న్యూస్ పేపరు, కరివేపాకు, ఊళ్ళోవాళ్ళ మీద చాడీలు అన్నీ అటూ ఇటూ నడిచాయి. ఈ ఒక్క కబురు మాత్రం వీధంతా చుట్టి వచ్చింది. "మాస్టారూ, మీ పక్కింటాయన తెల్లారుజామున పోయాడంట, మీకు తెలవదా?" అని పాలాయన క్యాన్ కింద పెట్టి మరీ అడిగాడు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. చొక్కా తొడుక్కుని గోడ దాటబోయి, నాకూ అరవై దాటాయని గుర్తొచ్చి, గేటు దారినే వెళ్ళాను.

ఆయన్ని వరండాలో చాప మీద పడుకోబెట్టారు. కుడి చెయ్యి గుప్పిట మూసి ఉంది. అందరూ ముఖం చూస్తుంటే నేను ఆ గుప్పిట వంక చూస్తూ నిలబడ్డాను. ఎందుకో చెప్పాలంటే ఒక సీసా గురించి, ఒక రైతు గురించి చెప్పాలి. ఈ సంగతి దాచమని ఆయన ఏనాడూ అనలేదు. ఇన్నాళ్ళూ దాచుకున్నది నేనే.

ఆయన పొగాకు కంపెనీలో గ్రేడరు. బ్యారన్ అనే మూసిన కొట్టంలో పొయ్యి వేడికి కాల్చి పసుప్పచ్చగా తీసిన ఆకుని రైతులు బేళ్ళు కట్టి వేలం కేంద్రానికి తెస్తారు. వరసగా పేర్చిన ఆ బేళ్ళ వెంట కంపెనీల వాళ్ళు నడుస్తూ ధర పలుకుతారు. ఆ నడిచేవాళ్ళలో ముందు మనిషి మా గ్రేడర్ గారు. బేలు నడిమధ్య నుంచి ఒక ఆకు లాగి, రెండు అరచేతుల మధ్యా నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. "ఇది గొడ్లచావిడి పక్కన పెట్టావు కదయ్యా" అని ఆయనంటే రైతు నోరు తెరిచేవాడు. ఆయన తలాడిస్తే మిగతా కంపెనీల వాళ్ళు పోటీకి వచ్చేవారు. ముక్కు చిట్లిస్తే ఇంకెవరూ పలికేవారు కాదు. ఎవరూ పలకని బేలు మీద నోబిడ్ అని రాస్తారు. రైతు దాన్ని మళ్ళీ ట్రాక్టరుకెత్తుకుని ఇంటికి తోలుకుపోవాలి.

అంతటి ముక్కుని కాపాడుకోవడం ఇంటిల్లిపాదికీ వ్రతమే. వేలాలు మొదలైన రోజు నుంచి అయిపోయే దాకా ఆ ఇంట్లో ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఒంటికి సబ్బు లేదు. చేతులు ఉత్త నీళ్ళతోనే కడుక్కోవాలి. దేవుడికి అగరొత్తి వెలిగించకూడదు, ఆయన భార్య తల్లో మల్లెపూలు పెట్టుకోకూడదు. "నేను పెళ్ళి చేసుకున్నది ఆ ముక్కునండీ, మనిషిని కాదు" అని ఆవిడ మా ఆవిడ దగ్గర వాపోయేది. మా ఇంట్లో ఎండు చేపలు పెనం మీద పడ్డ మరుక్షణం గోడ అవతల ఆయన తల కనపడేది. "మాస్టారూ, కొత్తపట్నం రేవు నుంచి ఎవరొచ్చారు?" అనేవారు. కోప్పడేవారు కాదు, కానీ నేను కిటికీ మూయవలసి వచ్చేది. ముక్కుకి తొందర ఉండకూడదని ఆయన తరచూ అనేవారు. ఏ వాసననైనా పూర్తిగా రానిచ్చి అప్పుడు మాట్లాడాలట.

మద్యనిషేధం ఎత్తేసిన కొత్తలో ఒక సీజన్‌కి అమెరికా ఆయన ఒకడు సరుకు చూసుకోవడానికి వచ్చాడు. జడ్పీ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణని కంపెనీ వాళ్ళు నన్ను మాటసాయానికి పిలిచారు. నా ఇంగ్లీషు పిల్లల్ని పాస్ చేయించేది గానీ, అతని ఇంగ్లీషుకీ దానికీ ఏ బంధుత్వమూ లేదు. సగం అర్థం చేసుకుని, సగం కల్పించి, రెండు రోజులు నెట్టుకొచ్చాను.

అతనిది కెంటకీ. వాళ్ళ వైపు కూడా పొగాకే పండుతుందట. వెళ్ళే ముందు సాయంత్రం గ్రేడర్ గారి వరండాలో కూర్చుని సంచిలోంచి ఒక పొట్టి సీసా తీశాడు. లోపల సరుకు ఎర్ర చందనం నీళ్ళ రంగులో ఉంది. బర్బన్ అన్నాడు, వాళ్ళ వైపు విస్కీ అట. మాకు తెలిసిన బర్బన్ బిస్కెట్టు ఒక్కటే. గ్రేడర్ గారు రెండు చేతులూ అడ్డం పెట్టి "నాకు అలవాటు లేదని చెప్పండి మాస్టారూ" అన్నారు. చెప్పాను. అతను నవ్వి, తాగక్కర్లేదని సైగ చేసి, ఒక చుక్క అరచేతిలో వేసుకుని, రెండు చేతులూ రుద్దుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అచ్చం మన గ్రేడర్ గారు ఆకు చూసినట్టే కళ్ళు మూసుకున్నాడు.

అతనికి దాన్ని మొదట పరిచయం చేసింది వాళ్ళ తాత. ఆ ముసలాయన పొగాకు రైతు. చిన్నపిల్లాడు తాగకూడదు గనక అరచేతిలో ఒక్క చుక్క వేసి, ఇదిరా మన ఊరు అని వాసన చూపించాడట. తాత పోయాడు, పొలం పోయింది, అతను దేశాలు పట్టి తిరుగుతున్నాడు. ఇప్పటికీ ఏ హోటల్ గదిలోనైనా ముందు అరచేతిలో వేసుకుని, ఆ తర్వాతే గ్లాసులో పోసుకుంటాడట.  ఆ ఒక్క ముక్కా నేను కల్పించకుండా ఉన్నదున్నట్టే తెలుగులో చెప్పాను.

గ్రేడర్ గారు ఈసారి చెయ్యి చాపారు. రుద్దుకుని ముక్కు దగ్గరకి తీసుకోబోతే అతను ఆపాడు. ముందు ఘాటు ఎగిరిపోవాలి, మిగిలేదే అసలు సరుకు అన్నాడు.  కాసేపటికి గ్రేడర్ గారు చేతులు ముఖానికి కప్పుకున్నారు.

"బెల్లం పాకం," అన్నారు చేతుల్లోంచి. "కాలిన చెక్క. మాస్టారూ, ఇది బ్యారన్ వాసనండీ. ఆరో రోజు పొద్దున తలుపు తీసీ తియ్యగానే వచ్చే వాసన. మనవాళ్ళు ఎవురు చేశారు దీన్ని?"

మనవాళ్ళు కాదని చెప్పి, ఎలా చేస్తారో అడిగి చెప్పాను. మొక్కజొన్న నుంచి దించుతారు. దించినప్పుడు మంచినీళ్ళలా ఉంటుంది. ఓక్ చెక్కతో కొత్త పీపా చేసి, లోపలి వైపు బొగ్గయ్యేదాకా కాల్చి, అందులో పోసి ఏళ్ళ తరబడి షెడ్డులో వదిలేస్తారు. ఎండకీ చలికీ చెక్కలోకి దిగుతూ బయటికొస్తూ ఆ రంగూ ఆ వాసనా తెచ్చుకుంటుంది. ఓక్ అంటే తెలుగేమిటో నాకు తెలియదు. టేకులాంటిది లెండి అనేశాను.

"తెల్లగా పోయి ఎర్రగా వచ్చిందా!" అని గ్రేడర్ గారు ఆశ్చర్యపోయారు. "మన ఆకు పచ్చగా పోయి పసుపుగా రాలా? పనంతా చెక్కదీ వేడిదీ. మనిషి చేసేదేముంది, కాపలా కూర్చోడమేగా."

ఆ సీజన్ అయ్యాక ఆదివారం సాయంత్రాలు మాకొక పని దొరికింది. ఆయన శాంపిల్ ఆకులు దాచుకునే రేకు డబ్బాలోంచి సీసా తెచ్చి గోడ మీద పెట్టేవారు. ఆయన చేతిలో ఒక చుక్క, నా గ్లాసులో ఒక మూత. నిషేధం రోజుల్లో చాటుగా తాగిన సరుకు గొంతులో గీరుకుంటూ దిగేది, తాగినందుకు మనల్ని తిడుతున్నట్టు ఉండేది. ఇది నాలుక మీద కాసేపు కూర్చుని, నెమ్మదిగా దిగి, దిగాక కూడా వెళ్ళకుండా ఉండిపోయేది. "తాగితే పొట్టలోకి పోద్ది, ముక్కుకేం మిగలదు" అనేవారాయన. పొట్ట కూడా మనదేగా అనేవాణ్ణి నేను. సీసాలో సగం నా పొట్టలోకే పోయిందని ఒప్పుకుంటున్నాను. ఆయన మటుకు బొట్టు మింగలేదు. కానీ ఆ మనిషికి దాని మీద ప్రేమ పుట్టిందని నాకు తెలుసు. పక్క ఊరు వెళ్ళి వచ్చినా ముందు ఆ డబ్బానే తెరిచేవారు.

తర్వాతి సీజన్‌లో, వేసవి సెలవుల చివర్లో, ఒక పొద్దున ఆయన వ్రతం తప్పారు. వేలానికి బయల్దేరుతూ శాంపిల్ ఆకు కోసం డబ్బా తెరిచారు. సీసా కనపడింది. ఒక్క చుక్కే కదా అనుకున్నారు. రుద్దుకుని, వాసన చూసుకుని, ఎప్పట్లాగే ఉత్త నీళ్ళతో చేతులు కడుక్కుని వెళ్ళారు. ఆ పని ఎవరూ చూడలేదు. తర్వాత ఆయన చెబితేనే నాకు తెలిసింది.

ఆ రోజు నేనూ వేలం కేంద్రంలోనే ఉన్నాను, కంపెనీకి ఏదో ఉత్తరం ఇంగ్లీషులో రాసిపెట్టడానికి. మొదటి వరసలో మొదటి ఏడు బేళ్ళు పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక మెట్టరైతువి. ముందటేడు పత్తిని పురుగు తినేస్తే, ఈ ఏడు ఉన్నదంతా పొగాకు మీద పెట్టిన మనిషి. తలకి కట్టుకున్న తువ్వాలు విప్పి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. గ్రేడర్ గారు మొదటి బేలు నుంచి ఆకు లాగి, నలిపి, వాసన చూసి ఆగిపోయారు. రెండో బేలు. మూడో బేలు.

"ఏమయ్యా, బెల్లం నీళ్ళు ఎప్పుడు చల్లావు?" అన్నారు.

తూకం పెరగడానికీ ఆకు మెరవడానికీ కొందరు బెల్లం నీళ్ళు చిలకరించడం ఉన్నదే. అది పెద్ద మచ్చ. ఒకసారి పడితే ఆ రైతు ఆకుని తర్వాత కూడా ఎవరూ నమ్మరు.

"బెల్లం నీళ్ళేందయ్యా? నా పిల్లల మీద ఒట్టు, చుక్క తగల్లా. ఇంకోసారి చూడండి సార్, నా కోసం ఒక్కసారి."

ఆయన ఇంకోసారి చూశారు. ఏడు బేళ్ళూ చూశారు. అవే చేతులు, అదే వాసన. "నా ముక్కుతోనా నీ ఆటలు?" అన్నారు.

"పొయ్యి మీద పెట్టుకోరా, పాకమొస్తది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రైతు బేలులోంచి ఒక ఆకు చించి నోట్లో పెట్టుకుని నమిలాడు. "తీపుందేమో మీరూ చూడండి! ఎవురన్నా నోట్లో పెట్టుకుని చూడండయ్యా!" అని ఒక్కొక్కళ్ళ దగ్గరికీ వచ్చాడు. ఎవరూ ఆకు అందుకోలేదు. పొగాకు రసం కడుపులోకి పోయి, గోడ వారన కూర్చుని వాంతి చేసుకున్నాడు. ఏడు బేళ్ళ మీదా నోబిడ్ రాసి వరస ముందుకి కదిలింది.

నాలుగు రోజుల తర్వాత ఆ రైతు ఏడు బేళ్ళూ విప్పి, కట్టలు కట్టలుగా తన బ్యారన్ పొయ్యిలోకే తోసి తగలబెట్టాడు. పొగ చూసి ఊళ్ళోవాళ్ళు పరిగెత్తుకొస్తే, "ఏం లేదు, బెల్లం కాగబెడతన్నా" అన్నాడట. ఈ మాట మా ఊరి దాకా వచ్చింది. ఆ వారంలోనే బడి తెరిస్తే స్టాఫ్ రూములో దీన్ని నేనే హాస్యంగా చెప్పాను. టీచర్లు బాగా నవ్వారు.

అసలు సంగతి బయటపడింది మా గోడ దగ్గరే. ఆ వేలం అయిన పన్నెండు రోజులకో ఏమో, వేలం లేని ఒక ఆదివారం ఆయన చుక్క రుద్దుకుని, ఘాటు పోయేదాకా ఆగి, చేతులు కడుక్కుని, పక్కనున్న శాంపిల్ ఆకు అలవాటుగా తీసి నలిపారు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు తెరిచి చేతుల వంక చూసుకున్నారు. తర్వాత ఆకుని నాకిచ్చారు. "మీరు చూడండి మాస్టారూ." చూశాను. బెల్లం. ఆయన నా చేత్తో ఇంకో ఆకు నలిపించారు. అందులో ఏమీ లేదు.

"మొదటి ఏడు బేళ్ళే," అన్నారు. "ఎనిమిదో దాని నుంచి ఆకు జిగురు పట్టి ఆ వాసన చచ్చిపోయింది. నాకు అలవాటైపోయి నా చేతి మీద ఉన్నట్టే తెలవలా."

నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. "ఎవరికి తెలుస్తుందండీ, వదిలెయ్యండి. ఎలాగూ తగలబెట్టేశాడుగా" అన్నాను.

ఆయన నావంక చూసి, "మీరు నవ్వారా ఆ రోజు?" అని అడిగారు.

"నవ్వాను."

"నేనూ లోపల నవ్వుకున్నానండీ, ఎంత బాగా పట్టేశానా అని."

మర్నాడు వేలం మొదలయ్యేముందు ఆయన బేళ్ళ వరసకి అడ్డంగా నిలబడ్డారు. పొదిలి రైతు ఆకులో బెల్లం లేదని, ఆ వాసన తన చేతిదని, అది మందు వాసనని, పేరు కూడా చెప్పి, అందరికీ వినపడేట్టు చెప్పారు. సగం మంది నమ్మలేదు. రైతు బెదిరించి ఉంటాడన్నారు. నమ్మినవాళ్ళు, ఇన్నాళ్ళూ నిష్ఠ పేరు చెప్పి చాటుగా తాగుతున్నాడన్నారు. కంపెనీ ఆయన్ని వేలం నుంచి తీసేసి గోడౌన్‌కి పంపింది. అక్కడ ముక్కుతో పని లేదు.

ఆ సాయంత్రమే నన్ను తోడు తీసుకుని ఆ రైతు ఊరికి బస్సెక్కారు. బస్సు దిగాక చేతిలో చుక్క వేసుకుని రుద్దుకున్నారు. బ్యారన్ ముందు బూడిద ఇంకా ఎత్తలేదు. రైతు మంచం మీద కూర్చుని ఉన్నాడు, లేవలేదు. గ్రేడర్ గారు అరచెయ్యి చాపి, "ఒక్కసారి వాసన చూడయ్యా. తప్పు నాది" అన్నారు.

"నాది కాదని నాకు తెలవదా సార్? నేను చూసేదేంది?" అన్నాడు రైతు. గొంతు పెంచలేదు. "ఆ రోజు నోట్లో పెట్టుకుని చూడండయ్యా అని కాళ్ళా వేళ్ళా పడ్డా. ఎవురు చూశారు? ఆ చెయ్యి దించండి. పొండి."

చెయ్యి దించడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

ఆ ఏడే రైతు కౌలు వదులుకుని మార్టూరు వెళ్ళి గ్రానైటు పాలిష్ పట్టే యూనిట్లో కూలికి చేరాడు. గ్రేడర్ గారు ఏటా వేలాలు మొదలయ్యే రోజున మార్టూరు వెళ్ళేవారు. రాతి దుమ్ములో నిలబడి, చుక్క రుద్దుకుని చెయ్యి చాపేవారు. మూడేళ్ళు అతను ముఖం తిప్పుకుని పని చేసుకున్నాడు. నాలుగో ఏడు "టీ తాగి పొండి" అన్నాడు. అక్కణ్ణుంచి ఏటా ఒక టీ. అప్పటికే అతను దగ్గుతున్నాడు. చేతిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. "నేను క్షమించమని పోవట్లేదు మాస్టారూ," అన్నారు ఒకసారి గ్రేడర్ గారు. "అంత మనిషి మాట నేను నమ్మలా. నా మాటన్నా అతను నమ్ముతాడేమోనని." నేను ఆ మొదటిసారి తప్ప మళ్ళీ వెంట వెళ్ళలేదు. ప్రతి ఏడూ ఏదో ఒక పని చెప్పాను.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం గోడ మీదుగా ఆయన నన్ను పిలిచి, "ఏం మాస్టారూ, చేపలు మానేశారా?" అని అడిగారు. మా వంటింట్లో ఆ నిమిషాన ఎండు చేపలు వేగుతున్నాయి. నేను మానేశామన్నాను. రెండు రోజులకి ఆయనే కనిపెట్టారు. ముక్కు పోయింది. డాక్టరు వయసన్నాడు, గోడౌన్ దుమ్మన్నాడు.  గ్రేడర్ గారు ఇంట్లో అగరొత్తులు వెలిగించుకోమని ఆవిడకి చెప్పారు.

అప్పటి నుంచి ఆదివారాలు ఆ పని నాకు పడింది. ఆయన చుక్క రుద్దుకుని చెయ్యి గోడ మీద పెడితే, నేను వంగి వాసన చూసి చెప్పేవాణ్ణి. "బెల్లం ఉంది. చెక్క ఉంది. వెనకెక్కడో ఎండు కొబ్బరి." "తొందరపడకండి, ఇంకా వస్తది" అనేవారు. గ్లాసుల కొద్దీ తాగినప్పుడు నాకు తెలియని సరుకు ఆ చేతి మీద తెలిసింది. దాన్ని ప్రేమించడం నేను అప్పుడు నేర్చుకున్నాను. నేర్పినాయనకి మాత్రం ఏమీ తెలిసేది కాదు, నా నోటి వంక చూస్తూ ఉండేవారు.

ఆయన పోయిన పొద్దున తులసి నీళ్ళు పోసేవాళ్ళు పోస్తుంటే నేను లోపలికెళ్ళి రేకు డబ్బా తెచ్చాను. సీసాలో చెంచాడు కూడా లేదు. ఆవిడ చూసి, "వెయ్యండి మాస్టారూ, ఇంక సీజన్ లేదుగా" అంది. బిగుసుకుంటున్న వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, ఆ మిగిలిందంతా ఆయన అరచేతుల్లో రుద్దాను. గంధం రాస్తున్నాననుకున్నారు చుట్టుపక్కలవాళ్ళు.

పదకొండింటికి మార్టూరు నుంచి ఆ రైతు వచ్చాడు. ఆవిడే అక్కడి టీ కొట్టు ఫోనుకి కబురు పెట్టించిందట. మనిషి ఎండిపోయాడు. కనుబొమల మీద తెల్లటి రాతి పొడి. మెట్టెక్కి దగ్గు ఆగేదాకా స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. నేను తప్ప అతన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. పూలు తేలేదు, దండం పెట్టలేదు. చాప పక్కన కూర్చుని, ఆ కుడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, వేళ్ళు విప్పి, ముఖం దగ్గరికి తెచ్చుకున్నాడు. అప్పటికి ఘాటంతా పోయి ఉంటుంది. తొందరపడకుండా, చాలాసేపు వాసన చూశాడు.

"బెల్లమే," అన్నాడు. తర్వాత నావైపు తిరిగి, "నేనైనా బెల్లమనే అనేవాణ్ణి మాస్టారూ" అన్నాడు.

ఆ చేతిని ఆయన గుండె మీద పెట్టి లేచాడు. ఉండమంటే ఉండలేదు. నేను గేటు దాకా వెళ్ళి నిలబడ్డాను. ఎండలో బస్టాండు వైపు నడుస్తూ, పది అడుగులకోసారి ఆగి దగ్గుకుంటూ, ఆగినప్పుడల్లా అతను తన అరచెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంటున్నాడు.